సూది తెలిసే చోటు

"కాసేపు బయట కూర్చోమ్మా" అంది డాక్టరమ్మ. గొంతు మెత్తగానే ఉంది గానీ, నా భుజం మీద వేసిన చెయ్యి నన్ను తలుపు వైపుకు తిప్పింది. ఇన్నాళ్ళుగా ఏ ఆసుపత్రిలోనూ నన్ను బయటికి పంపినవాళ్ళు లేరు. మూత్రం గొట్టం మార్చడానికి నేను కావాలి, నడుము కింద పుండు కడగడానికి నేను కావాలి, మనిషిని ఈ పక్క నుంచి ఆ పక్కకు దొర్లించడానికి నేను కావాలి. తీరా కాళ్ళలో ప్రాణం వచ్చిందో లేదో చూసే ఘడియకు నేను పరాయిదాన్నయ్యాను. వండి వార్చినదాన్ని వడ్డన వేళకు అవతలికి పొమ్మన్నట్టుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది, పని మనది కదా అని మింగేశాను. మా ఆయన వీరభద్ర బల్ల మీద వెల్లకిలా పడుకునే నా వైపు తల తిప్పి నవ్వాడు, పో, నేను చూసుకుంటాలే అన్నట్టు. తలుపు పూర్తిగా పడలేదు. గొళ్ళెం వదులై జానెడు సందు మిగిలింది, దానికి అడ్డంగా పచ్చ తెర. ఆ సందుకు ఆనుకునే ఉన్న బెంచీ మీద కూలబడ్డాను. ఈరోజు ఈమె ఆయన కాళ్ళలో స్పర్శ ఉందని చెబితే, మొదటి విడత కణాలు ఎక్కించిన పెద్ద నగరం ఆసుపత్రివాళ్ళు రెండో విడత ఎక్కిస్తారు. ఆ విడతతో లేచి నిలబడవచ్చు అన్నారు. లేదని చెబితే ఇక అంతే, ఇంటికి తీసుకుపోయి మంచం మీద వేసుకోవడమే. స్పర్శ ఉంది. ఉందని నాకు తెలుసు. రోజూ పొద్దున సూది పట్టుకుని గుచ్చేదాన్ని నేను, ఈమె కొత్తగా చెప్పేదేమిటి?

వరండా నిండా ఫినాయిలు వాసన, ఆ అడుగున ఎవరో విప్పుకున్న చిత్రాన్నం వాసన. నాకు ఆకలి వేస్తోంది, ఇలాంటప్పుడు కూడా ఆకలి వేస్తుందా అని సిగ్గూ వేస్తోంది. తెల్లారగానే ఎమ్మిగనూరులో బయలుదేరాం. మా వీధి అయ్యన్న తన వ్యానులో వెనక సీటు తీసేసి పరుపు పరిచాడు. గోనెగండ్ల దాటాక రోడ్డంతా గుంతలే, ఒక్కో గుంతకు ఆయన కాళ్ళు వాటంతటవే ఎగిరెగిరి పడుతున్నాయి, నేను రెండు మోకాళ్ళూ నా ఒళ్ళోకి తీసుకుని అదిమి పట్టుకున్నాను. నొప్పిగా ఉందా అంటే లేదన్నాడు. మంచిదయ్యా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే అది మంచి ఎట్లా అయిందో తెలియడం లేదు. కోడుమూరు దగ్గర చేలల్లో పత్తి మోకాలెత్తు కూడా లేచినట్టు లేదు, ఆకులన్నీ వాన కోసం ముడుచుకుని ఉన్నాయి, ఆయన కిటికీలోంచి చూసి "ఈ యేడాది పత్తి ల్యాదే" అన్నాడు. ఆయనకు పత్తి కాలేదని బాధ. నాకు ఆ మాట అనే మనిషి మీద ఎక్కడలేని ప్రేమ వచ్చి, ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. నీ సంగతి చూసుకోవయ్యా, దేశంలో పత్తి సంగతి నీకెందుకు? ఆయన పడిన రోజు నుంచీ నాకు ప్రేమా కోపమూ ఇట్లా జంటగానే వస్తున్నాయి, ఒకటి ఒంటరిగా వచ్చి చాలా కాలమైంది.

పక్కన కూర్చున్న ఆవిడ జరిగి జరిగి నా దగ్గరకు వచ్చింది. డోన్ అట, స్టేషన్ ముందు టిఫిన్ బండి నడుపుతుందట, లక్ష్మక్క అని పేరు. తమ్ముడు లారీ మీద బస్తాలు సర్దుతూ జారి వెన్ను మీద పడ్డాడట. వాణ్ని లోపల వేరే గదిలో ఫోటో తీస్తున్నారు.

"మీయాయనకు యాడ దెబ్బ?" అంది.

"నడుము పైన. ఎముక ఇరిగి లోపల నరం నలిగిపోయింది."

"కాళ్ళు ఆడ్తాయా?"

"ఆడవు. కానీ తెలుస్తాండాది. కణాలు ఎక్కించినారు కదా. సూది గుచ్చితే యాడ గుచ్చినామో తెలుస్తాండాది."

లక్ష్మక్క రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. "నిజంగానా? మావోడికైతే అట్లాంటి వైద్యమే ల్యాదు, ఆశ పెట్టుకోవాకండి అన్నారమ్మా యాడికి పోయినా."

"ఈ చేత్తోనే గుచ్చుతాండా కదక్కా" అన్నాను. చెయ్యి చాపి చూపించాను కూడా, అదేదో మహిమ ఉన్న చెయ్యి అయినట్టు. ఆవిడ ఆ చేతిని పట్టుకుంది. ఆ ఊరి పేరేమి, ఆ ఆసుపత్రి యాడుంది, బండి అమ్మేసైనా తీసుకుపోతా అంది. నేను చెప్పాను. గొప్పగానే చెప్పాను. చాలా రోజుల తర్వాత ఒకరు నన్ను జాలిగా కాకుండా అసూయగా చూశారు, ఆ చూపు నాకు ఎండలో మజ్జిగ తాగినట్టు ఉంది.

కణాల సంగతి నాకు ఎట్లా అర్థమైందో లక్ష్మక్కకు అట్లాగే చెప్పాను. ఆ నగరపు డాక్టరు టీవీలో బొమ్మ వేసి చూపించాడు. తుంటి ఎముకలోంచి మూలుగ తీస్తారు, అందులోంచి మేలైన కణాలను వేరు చేస్తారు, వాటిని సూదితో వెన్నులోకి ఎక్కిస్తారు, అవి నలిగిన చోటికి పోయి తెగిన నరాలను బాగు చెయ్యడానికి సాయపడతాయి. అతుకుతాయా సార్ అని నేనే అడిగాను. ఒక రకంగా అంతేనమ్మా అన్నాడు ఆయన. ఇంకా ఏమేమో చెప్పాడు, ఖాయం కాదు, అందరికీ ఒకేలా ఉండదు, ఇంకా పరిశోధనలోనే ఉంది అని. అవన్నీ నా చెవుల పక్క నుంచి పోయాయి. అతుకుతాయి అన్న ఒక్క మాటే లోపలికి దిగింది. ఎందుకు దిగదు? నేను పుట్టింది అతుకుల్లోనే. మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలు అట్లాగే ఉంచి, కొత్త పడుగు తెచ్చి, ఒక్కో పాత పోగుకూ ఒక్కో కొత్త పోగు పెట్టి, వేళ్ళకు బూడిద అద్దుకుని పురి తిప్పుతాం. వేలవేల పోగులు. ఎమ్మిగనూరులో మా వీధిలో ఎవరి మగ్గానికైనా పడుగు అతకాలంటే శివలీలను పిలవండి అంటారు. నా అతుకు జారదు. పోగును పోగుకు కలిపితే మగ్గం మళ్ళీ ఆడుతుంది, ఇది నేను కళ్ళారా చూసిన సత్యం, ఏ డాక్టరు చెప్పినా చెప్పకపోయినా. మనిషి వెన్ను మాత్రం పడుగు కాకుండా మరేమిటి అనుకున్నాను. మా అత్త తిమ్మమ్మ అయితే నాకంటే ఒకాకు ఎక్కువే చదివింది. వెన్నుపాము దెబ్బతింది అని ఎవరో అనగానే నాగులకట్ట దగ్గరికి పోయి పాలు పోసి వచ్చింది. నేను నవ్వాను ఆమెను చూసి. ఆమె పాలు పోసింది, నేను పురి తిప్పాను, ఎవరి భాషలో వాళ్ళం నమ్మాం.

ఆ వాన రాకుండా ఉంటే. మాకు వాన రాకపోతే చేలు ఏడుస్తాయి, వస్తే మగ్గాలు ఏడుస్తాయి. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో నీళ్ళు ఊరతాయి, పోగు చెమ్మగిల్లి తెగుతుంది, కూర్చుని నేసేవాడికి మోకాళ్ళ దాకా చలి. ఆ వానాకాలం ఎన్నడూ లేనట్టు పడింది. గుంట ఆరేదాకా ఖాళీగా ఎందుకని వీరభద్ర కల్లూరు పోయాడు, అక్కడ ఎటు చూసినా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి, సున్నాల పనికి మనుషులు కావాలన్నారు. మగ్గం ముందు పుట్టి పెరిగినవాడికి గోడకు కట్టెలతో కట్టిన సారవ ఎక్కడం ఏమి తెలుసు? కాళ్ళతో తొక్కడం తెలుసు గానీ కాళ్ళతో ఎక్కడం తెలియదు. కట్టె విరిగి కింద పడ్డాడు. నేను వచ్చేసరికి ఆయన్ని షేర్ ఆటోలో వెనక సీటుకూ ముందు సీటుకూ మధ్య మడిచి పెట్టి తెచ్చారట పెద్దాసుపత్రికి. నేల మీద పడినప్పుడే నరం పోయిందో, ఆ మడతలో పోయిందో ఎవరూ చెప్పలేదు. మంచి మనసుతో తెచ్చారు వాళ్ళు. మంచి మనసుతో చేసిన పనిని తిట్టడానికి కూడా వీల్లేదు, అదొక నరకం. ఆయన నన్ను చూడగానే అన్న మొదటి మాట, "గుంట ఆరిందా లీలా?" ఆరింది. ఆరి ఇప్పటికి ఎన్ని కాలాలైందో, అందులో ఇంకా ఎవరి కాళ్ళూ పడలేదు. మా సుంకప్ప మామ మెల్లగా అడిగాడు ఒకసారి, ఆ జాగా ఊరికే ఉండాది కదా, మా మగ్గం ఒకటి దింపుకుంటాం అని. ఆయన మంచం మీద నుంచే "నేను కూచోవాల మామా" అన్నాడు, గొంతు పెంచకుండా. సుంకప్ప మామ తల వంచుకుని పోయాడు.

లోపలి నుంచి "ఊఁ" అని వినబడింది.

ఆయనే. నా ప్రాణం లేచి వచ్చింది. లక్ష్మక్క వైపు చూశాను, విన్నావా అన్నట్టు. ఆవిడ తల ఊపింది. ఆ ఊఁ నాకు ఎంత తెలుసో ఈ లోకంలో మరొకరికి తెలియదు. పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చు కొత్తగా కట్టుకున్నప్పుడు ఒకరు అచ్చుకు అవతల కూర్చుని ఒక్కొక్క పోగే తీసి ఇవ్వాలి, ఇంకొకరు ఇవతల నుంచి సన్నని కొక్కెం దూర్చి దాన్ని లాక్కోవాలి. పోగు అందినవాళ్ళు ఊఁ అనాలి, ఆ ఊఁ విన్నాకే ఇచ్చేవాళ్ళు వేళ్ళు వదలాలి. ముందే వదిలితే పోగు జారుతుంది, మళ్ళీ వెతుక్కోవాలి. పెళ్ళైన కొత్తలో ఆయనతో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఆయన నాతో అన్న ఊఁల కంటే తక్కువే. ఇచ్చేది నేను, అందుకునేది ఆయన. కొన్నాళ్ళకు ఎట్లా అయ్యిందంటే పోగు కొక్కేనికి తగలకముందే ఊఁ అనేవాడు. నేను ఊపిరి బిగపట్టి పోగు చాచే ఆ క్షణం ఆయనకు అవతలి నుంచే తెలిసిపోయేది. మా అత్త చూసి, "వాడు పోగు పట్టుకుంటాండాడో నిన్ను పట్టుకుంటాండాడో తెలీడంల్యా" అని వేళాకోళం చేసేది. నాకు చెంపలు వెచ్చబడేవి. అంత పొందిక మా వీధిలో ఏ జంటకూ లేదు. అంత పొందికగా బతికినవాళ్ళకు ఇట్లా కావడమేమిటని ఆసుపత్రి గోడలను చూసి ఎన్నిసార్లు అడిగానో, గోడలు ఏం చెబుతాయి?

ఇంకో ఊఁ. దేవుడా, నీలకంఠా. కణాలు ఎక్కించి పంపేటప్పుడు ఆ ఆసుపత్రివాళ్ళు ఒక పని అప్పజెప్పారు. రోజూ సూదితో కాలి వేళ్ళ దగ్గర నుంచి పైకి మెల్లగా గుచ్చుతూ రావాలి, తెలిస్తే చెప్పమనాలి, ఆ వీడియో తీసి పంపాలి. మనిషి మాత్రం కాలి వైపు చూడకూడదు, చూస్తే తెలియకపోయినా తెలిసినట్టు అనిపిస్తుంది అన్నారు. కళ్ళు మూసుకో అన్నాను. "కండ్లు మూసుకుంటే గుండె దడగా ఉండాదే" అన్నాడు, సారవ మీద నుంచి పడిన మనిషి, చీకటి అంటే భయం పట్టుకుంది. సరే, అయితే కాలు చూడొద్దు, నా మొహం చూడు అన్నాను. మొదట్లో ఏమీ తెలియలేదు. మూడు నాలుగు వారాలయ్యాక ఒక పొద్దున బొటనవేలి పక్కన గుచ్చగానే ఊఁ అన్నాడు. నేను సూది కింద పడేశాను. మళ్ళీ గుచ్చాను, మళ్ళీ ఊఁ. మీగాలు, ఊఁ. మడమ, ఊఁ. మా అత్త వీధిలోకి పరుగెత్తి అందరినీ పిలుచుకొచ్చింది. ఆ రోజు వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది, ఎవరో టెంకాయ కొట్టారు, ఎవరో మైసూరుపాకు తెచ్చారు, ఆయన ఏడుస్తున్నాడు, నేను ఆయన పాదాన్ని ముద్దు పెట్టుకున్నాను, అందరి ముందూ. అది కూడా తెలిసింది అన్నాడు. ఆ వీడియో ఆ ఆసుపత్రివాళ్ళు మరెంతమందికి చూపించారో.

లోపల చాలాసేపు ఊఁ లేదు. డాక్టరమ్మ గొంతు, "ఇప్పుడు?" అంటోంది. జవాబు లేదు. "ఇప్పుడు?" లేదు. అలిసిపోయి ఉంటాడు, పొద్దుటి నుంచి ఎంగిలి పడలేదు. డాక్టరమ్మ చెయ్యి మరీ మెత్తనేమో, బద్వేలు పిల్ల, మాది పక్కన కడప జిల్లానే అక్కా అని నవ్వుతూ పలకరించింది గానీ పని చేసే చెయ్యి కాదేమో. చీమల సంగతి ఇప్పుడెందుకు గుర్తొస్తోంది? వద్దు. ఒక మధ్యాహ్నం నేను సుంకప్ప మామ ఇంట్లో పడుగు అతకడానికి పోయి వచ్చేసరికి ఆయన మంచంలో మేలుకునే ఉన్నాడు, సెల్‌ఫోన్‌లో ఏదో చూసి నవ్వుకుంటున్నాడు. దుప్పటి తీస్తే మడమ పుండు నిండా ఎర్రచీమలు. గోడ నుంచి మంచం కోడు మీదుగా బారు కట్టి వచ్చాయి. ఎంతసేపటి నుంచి తింటున్నాయో. నేను కెవ్వుమన్నాను, ఆయన నా మొహం చూశాడు, అప్పుడు అబ్బా అన్నాడు. అప్పుడు. నేను కెవ్వుమన్నాక. ఆ రాత్రి నాకు నేనే చెప్పుకున్నాను, పుండు దగ్గర చర్మం మొద్దుబారి ఉంటుంది, ఫోన్‌లో మునిగి ఉన్నాడు, చీమ కుట్టడం వేరు సూది వేరు. ఎన్ని చెప్పుకున్నానో. ఎర్రచీమ కుడితే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. మంచి పడుగులో ఒక పోగు తెగితే కనబడనట్టు దాటేసే నేతగాడు ఉండడు, మరి నేను ఎట్లా దాటేశానో.

లేచాను. లక్ష్మక్క "యాడికి?" అంది. సందు దగ్గర నిలబడి వేలితో తెర అంచు పక్కకు జరిపాను. చూడకుండా ఉండాల్సింది. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్ళ మీద చిన్న తువ్వాలు కప్పి ఉంది. డాక్టరమ్మ ఆయన కాళ్ళ దగ్గర ఎత్తు పీట మీద కూర్చుని ఉంది. చేతిలో సూది. ఆ సూది ఆయన బొటనవేలికి గుచ్చి ఉంది, మొన చర్మంలో దిగి ఉంది, నాకు అంత దూరం నుంచి కనబడుతోంది. "ఇప్పుడు?" అంది. ఆయన పెదాలు కదల్లేదు. ఆమె సూది తీసింది, గాలిలో ఎత్తి పట్టుకుంది, దేనికీ తగలనివ్వకుండా. "ఇప్పుడు?" అంది. ఆయన తువ్వాలు కింద నుదురు ముడిచి, చెవులు రిక్కించి, గదిలో దేని కోసమో వెతుకుతున్నట్టు తల అటూ ఇటూ తిప్పి, "ఊఁ" అన్నాడు.

మళ్ళీ బెంచీ మీదికి ఎట్లా వచ్చానో తెలియదు. గాలిలో ఉన్న సూదికి ఊఁ అన్నాడు. కొక్కేనికి తగలకముందే పోగుకు ఊఁ అన్నట్టు. నా కాళ్ళు చల్లబడుతున్నాయి, నాకు కాళ్ళున్నాయి, చల్లబడడం తెలుస్తోంది, ఎంత పాపిష్టి కాళ్ళు ఇవి. ఆయన అబద్ధం చెప్పలేదు. అది నాకు ఖాయంగా తెలుసు, అబద్ధం చెప్పడం రాని మనిషి, చేనేత సొసైటీవాళ్ళకు చీరలో దోషం తానే చూపించి ఇచ్చే మనిషి. నిజంగానే తెలిసిందనుకున్నాడు. నేను సూది గుచ్చేటప్పుడు ఊపిరి బిగపడతాను. పళ్ళు కరుచుకుంటాను. నొప్పి నాది కదా, గుచ్చేది నేను కదా, ఆయన కాలిలోకి దిగితే నా కళ్ళలోకి దిగినట్టు ఉండేది. ఆ కళ్ళనే ఆయన చూస్తున్నాడు, నేనే చూడమన్నాను. మూడు నాలుగు వారాల్లో కణాలు అతుక్కోలేదు, ఆయన నా మొహానికి అతుక్కున్నాడు. ఇన్నేళ్ళుగా పోగులు ఇచ్చి పుచ్చుకున్న అలవాటు, మా వీధంతా మెచ్చుకున్న పొందిక, అదే మమ్మల్ని ముంచింది. వేరే ఏ మొగుడూ పెళ్ళాలూ ఇంత అందంగా మోసపోయి ఉండరు. సరిగ్గా పొసగని జంట అయి ఉంటే మొదటి నెలలోనే తెలిసిపోయేది. నాకు నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వు వస్తే ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"ఏమైందమ్మా? ఏమంటాండారు లోపల?" అంది లక్ష్మక్క. నా చెయ్యి ఇంకా ఆవిడ చేతిలోనే ఉందా, మళ్ళీ పట్టుకుందా? ఏం చెప్పాలి ఈమెకు? బండి అమ్మొద్దు అని చెప్పాలి. తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. మా పక్క శవాన్ని మోసుకుపోతూ సగం దారిలో పాడె దింపుతారు, చెవిలో పేరు పెట్టి పిలుస్తారు, ఏమో, లేస్తాడేమో అని. దింపుడు కళ్ళం ఆశ. ఎవరైనా లేవగా చూసినవాళ్ళు లేరు, అయినా దింపకుండా పోయినవాళ్ళూ లేరు. నేను రోజూ పొద్దున మంచం దగ్గర కూర్చుని అదే చేశాను. కాకపోతే నా వాడు పలికాడు. పిలిచిన ప్రతిసారీ పలికాడు. రేపటి నుంచి పొద్దున ఏం చెయ్యాలి? పళ్ళు తోమించి, ఒళ్ళు తుడిచి, గొట్టం సంచి మార్చి, ఆ తర్వాత? సూది వేళకు ఆయన తనంతట తానే దిండు సర్దుకుని నా వైపు తిరిగి కూర్చుంటాడు. ఆ మొహం ఆ కాసేపే వెలుగుతుంది రోజు మొత్తంలో. అది ఆరిపోతే ఆ మనిషి ఎంత కాలం ఉంటాడో నాకు తెలుసు, పుండ్లు తినే దానికంటే ముందే అది తినేస్తుంది. ఆయనకు కాళ్ళు రాకపోయినా సరే దేవుడా, నడవకపోయినా ఫరవాలేదు, ఆ గుంటలో ఎవరైనా మగ్గం దింపుకోనీ, ఆయనకు ఇది తెలియకుండా పోతే చాలు.

"శివలీలను పిలవండి మేడం." లోపలి నుంచి ఆయన గొంతు. కోపంగా లేదు, బతిమాలుతున్నట్టు ఉంది. "మీ చెయ్యి నాకు కొత్త. ఆమె గుచ్చితే తెలుస్తాది. రోజూ తెలుస్తాది నాకు, కావాలంటే సెల్లులో సూడండి."

పీట మీంచి డాక్టరమ్మ లేచిన చప్పుడు. తెర జరిగింది. ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూశాను, నేను చూసేశానని ఆమెకు తెలిసిపోయింది. చిన్న పిల్ల, నా చెల్లెలి వయసు ఉంటుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గొంతు మాత్రం గట్టిగా ఉంచుకుంది. నా చెవి దగ్గరకు వచ్చి, "నువ్వు వద్దంటే ఈ పరీక్ష ఇంతటితో ఆపేస్తామ్మా. ఆయనకు నేనే సెప్తా" అంది.

వద్దు అనలేదు. ఆమె చేతిలోంచి సూది తీసుకున్నాను. వీరభద్ర కళ్ళ మీది తువ్వాలు తీసేశారు. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది, పరీక్షకు తోడు దొరికిన పిల్లవాడి మొహం. దిండు మీద మోచేయి ఆనించి కాస్త పైకి లేచాడు, రోజూ లేచినట్టే. "సూపిద్దాం రా ఈమెకు" అన్నాడు. తలుపు సందులో లక్ష్మక్క కళ్ళు కనబడుతున్నాయి. ఇప్పుడు నేను రోజులాగే ఊపిరి బిగపడితే చాలు, పళ్ళు కరిస్తే చాలు, ఊఁ అంటాడు, ప్రతిసారీ అంటాడు, ఎన్నిసార్లు గుచ్చితే అన్నిసార్లు. రెండో విడతకు పోవచ్చు. ఇంకో ఏడాది ఆయన మొహం ఇట్లాగే వెలుగుతుంది. నాకు కావాల్సింది అదే కదా, ఇప్పుడే కదా మొక్కుకున్నాను. కానీ నా మొహాన్ని నేను నమ్మడం మానేశాను, ఇక దాన్ని ఏ ఆటా ఆడించలేను. ఏమో, ఒక్కసారి, ఒక్కచోట, నిజంగా తెలుస్తుందేమో. ఎక్కడో ఒక పోగు అతుక్కుని ఉంటుందేమో, నా మొహం అడ్డం లేకపోతే అది బయటపడుతుందేమో. మొహంలో కదిలే ప్రతిదాన్నీ ఆపాను. కనుబొమలను ఆపాను, పెదాలను ఆపాను, ఊపిరిని మామూలుగా వదులుతూ తీసుకున్నాను. ఆయన కళ్ళలోకే చూస్తూ, కిందికి చూడకుండా, రోజూ గుచ్చే బొటనవేలి పక్కనే సూది దించాను. లోపలికి దిగడం నా వేళ్ళకు తెలిసింది. ఇంకొంచెం దించాను. వేలికి తడి తగిలింది, వెచ్చగా.

ఆయన నా మొహం వైపే చూస్తున్నాడు, నవ్వుతూ, కాస్త ఓపిక పట్టినట్టు.

"ఏమే లీలా, ఇంగా ఎంతసేపు?" అన్నాడు. "గుచ్చు మరి."